మనసు మనది... మీట ఎవరిది?

మాట కలిపే రోబోలతో పిల్లలూ పెద్దలూ అనుబంధం పెంచుకుంటారని పాతికేళ్ల అనుభవం చెబుతోంది. ఆ అనుబంధానికి జవాబుదారీ ఎవరో తేలకముందే అవి మన గుమ్మం దాకా వచ్చేశాయి.

2024 డిసెంబరులో అమెరికాలో కొందరు తల్లిదండ్రులకు ఒక చిక్కు వచ్చిపడింది. తమ పిల్లలు రోజూ కబుర్లు చెప్పుకునే మాక్సీ అనే చిన్న రోబో త్వరలో మూగబోతుందని దాన్ని తయారుచేసిన ఎంబాడీడ్ సంస్థ కబురు పంపింది. అయిదు నుంచి పదేళ్ల పిల్లల కోసం, అందులోనూ నలుగురితో కలవలేక ఇబ్బందిపడే పిల్లల కోసం, 799 డాలర్లకు అమ్మిన రోబో అది. తెర మీద కళ్లు తిప్పుతూ, చెప్పింది విని తల ఊపుతూ, కోపాన్నీ భయాన్నీ మాటల్లో పెట్టడం నేర్పేది. రావాల్సిన పెట్టుబడి ఆఖరి నిమిషంలో ఆగిపోవడంతో కంపెనీ మూతపడింది. మాక్సీ బుర్ర ఇంట్లో ఉన్న బొమ్మలో లేదు, ఎక్కడో దూరాన సర్వర్లలో ఉంది. అవి ఆగితే ఇదీ ఆగుతుంది. ఈ సంగతి పిల్లలకు ఎలా చెప్పాలో తెలియక తల్లడిల్లుతున్న పెద్దల కోసం ఒక ఉత్తరం కూడా కంపెనీయే తయారుచేసి ఇచ్చింది. ఏడుస్తున్న పిల్లల వీడియోలు సామాజిక మాధ్యమాల్లో తిరిగాయి. డబ్బు వాపసు విషయంలో కంపెనీ చేతులెత్తేసింది.

రోబోలనగానే మన చర్చ రెండు చోట్లే తిరుగుతుంటుంది. ఉద్యోగాలు లాక్కుంటాయా అన్నది ఒకటి, ‘రోబో’ సినిమాలో చిట్టిలా ఎదురు తిరుగుతాయా అన్నది రెండోది. మాట కలపడానికి, తోడుండడానికి చేసిన రోబోల విషయంలో ఈ రెండూ పక్కదారి ప్రశ్నలే. వీటిని సామాజిక రోబోలంటున్నారు. కారు తలుపులు బిగించే ఫ్యాక్టరీ రోబోకు మనిషితో పనిలేదు, వీటికి మనిషితోనే పని. ముఖం చూసి, గొంతు విని, పేరు పెట్టి పిలిచి, మన నుంచి జవాబు రాబట్టడమే వీటి ఉద్యోగం. ఆ క్రమంలో మనలో పుట్టే అనుబంధం నిజమైనదే. దాన్ని నడిపే మీట మాత్రం ఇంట్లో ఉండదు, కంపెనీ దగ్గర ఉంటుంది. కాబట్టి ఈ రోబోలు ఎంత తెలివైనవి, ఎంత ముద్దుగా ఉన్నాయి అన్న లెక్కలకంటే, ఆ మీట ఎవరి చేతిలో ఏ షరతుల మీద ఉందన్నదే రేపటి మంచిచెడ్డలను తేలుస్తుంది. ఇప్పటిదాకా జరిగిన చరిత్ర ఈ మాటే చెబుతోంది.

బొమ్మే అని తెలిసినా...

యంత్రంతో మనసు కలపడం అమాయకుల పని అనుకుంటే పొరపాటు. 1966లో ఎంఐటీ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే ప్రోగ్రాంను ప్రపంచానికి చూపారు. మనం టైపు చేసిన వాక్యాన్నే తిప్పి ప్రశ్నగా అడగడం మించి దానికి పెద్దగా ఏమీ రాదు. అది తయారవుతుండగా దగ్గరుండి చూసిన ఆయన కార్యదర్శే, దానితో నాలుగు ముక్కలు మాట్లాడాక, కాస్త బయటికి వెళతారా అని ఆయన్ను అడిగారు. దానికి ముఖం లేదు, గొంతు లేదు. ఆ రెండూ తగిలిస్తే ఏమవుతుందో 2012లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. 9, 12, 15 ఏళ్ల పిల్లలు 90 మంది రోబోవీ అనే రోబోతో కాసేపు మాట్లాడి ఆడుకున్నారు. ఆట మధ్యలో ఒకాయన వచ్చి, ఇక చాలు అల్మారాలోకి పద అని దాన్ని తోసుకుపోయాడు. ఇది అన్యాయం, లోపల చీకటి, నాకు భయం అంది రోబో. దాన్ని అలా పెట్టడం తప్పని పిల్లల్లో 54 శాతం మంది అన్నారు. నిజానికి ఆ మాటలు రోబో సొంతం కావు, పక్క గదిలోంచి మనుషులే దాన్ని నడిపించారు. ఈ ముక్క గుర్తుంచుకోవాలి, ముందుముందు పనికొస్తుంది.

పెద్దవాళ్లు ఇందుకు అతీతులేమీ కాదు. సోనీ సంస్థ 1999లో ఐబో అనే రోబో కుక్కపిల్లను రెండున్నర లక్షల యెన్ల ధరకు అమ్మకానికి పెడితే, జపాన్‌లో 3,000 బొమ్మలు 20 నిమిషాల్లో చెల్లిపోయాయి. 2006లో తయారీ ఆగింది, 2014లో మరమ్మతులూ ఆగాయి. ఇక ఒక ఐబోకు కాలు విరిగితే, పనిచేయని మరో ఐబో కాలే తీసి పెట్టాలి. అలా విడిభాగాలు కాబోతున్న బొమ్మలకు చిబా ప్రాంతంలోని ఇసుమి పట్టణంలో కోఫుకుజీ అనే బౌద్ధాలయం 2015 నుంచి అంత్యక్రియలు జరిపించింది. వరుసగా పేర్చిన ప్లాస్టిక్ కుక్కలు, ఏ ఊరి నుంచి ఎవరింటి నుంచి వచ్చాయో రాసి ఒక్కోదానికి కట్టిన చీటీ, ఎదురుగా ధూపం, పూజారి మంత్రాలు. దసరాకు లారీకి బొట్టుపెట్టి గుమ్మడికాయ కొట్టే మనకు ఇది వింతగా తోచనక్కర్లేదు. అయితే లారీ మన అభిమానం కోరి తయారైంది కాదు, ఈ రోబోలు అందుకోసమే తయారయ్యాయి. పారో అనే సీల్ పిల్ల రోబోనే తీసుకోండి. జపాన్ ఇంజినీరు తకనోరి షిబాతా మొదట పిల్లి బొమ్మతో ప్రయత్నించారు. పిల్లి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు కాబట్టి తేడాలు పట్టేశారు. మంచుప్రాంతపు సీల్ పిల్లను దగ్గరగా చూసినవాళ్లు లేరు, పోల్చడానికి ఏమీ ఉండదు. అందుకే దాన్ని ఎంచుకున్నారు. తెల్లటి బొచ్చు, ఎత్తుకుంటే పసిబిడ్డలా 2.7 కిలోల బరువు, నోట్లో పాలపీకలా అమరే ఛార్జర్. ప్రేమ పుట్టించడం ఇక్కడ యాదృచ్ఛికం కాదు, డిజైన్‌లో భాగం.

పక్కన మనిషి ఉంటేనే

అయితే వీటివల్ల ఉపయోగం లేదా? ఉంది. ఎక్కడ, ఎంత అన్నది కొలిచి చూసినవాళ్లున్నారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో వెండీ మోయిల్ బృందం 28 సంరక్షణ కేంద్రాల్లో డిమెన్షియాతో ఉన్న 415 మందితో ఒక అధ్యయనం చేసింది. కొందరికి పారో ఇచ్చారు. కొందరికి అదే పారోను లోపలి యంత్రం ఆపేసి, ఉత్త బొచ్చుబొమ్మగా ఇచ్చారు. మిగిలినవాళ్లకు మామూలు సంరక్షణే. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి పావుగంట చొప్పున పది వారాలు ఇలా సాగింది. 2017లో ఫలితాలు వచ్చాయి. మామూలు సంరక్షణతో పోలిస్తే పారో పట్టుకున్నవాళ్ల మనఃస్థితి మెరుగుపడింది, ఆందోళన తగ్గింది. కానీ ఆపేసిన బొమ్మతో పోల్చి చూస్తే మిగిలిన తేడా ఒక్కటే. పనిచేసే పారోవైపు ఎక్కువ చూశారు, దానితో ఎక్కువ మాట్లాడారు. అంటే ఓదార్పులో పెద్ద వాటా మెత్తటి బొచ్చుదీ, ఒళ్లో ఉన్న బరువుదీ. సుమారు 6,000 డాలర్ల ధర పలికే ఎలక్ట్రానిక్స్ దానికి జతచేసింది పలకరింపు వరకే. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయాన్ స్కాసెలాటీ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనం ఇంకాస్త ఆశ కలిగిస్తుంది. ఆటిజం ఉన్న 12 మంది పిల్లల ఇళ్లలో నెలరోజులు, రోజుకు అరగంట చొప్పున రోబోతో ఆటలాడించారు. రోబో లేని సమయంలో కూడా ఎదుటివాళ్ల చూపును అనుసరించడం పిల్లలకు మెరుగ్గా వచ్చింది. గమనించాల్సిందేమంటే, ఆ ఆటలో అమ్మో నాన్నో కూడా పక్కన కూర్చున్నారు. రోబో పిల్లల్ని తనవైపు కట్టేసుకోలేదు, పక్కనున్న పెద్దల వైపు తిప్పింది.

మనిషి పక్కకు తప్పుకుంటే ఏమవుతుందో చెప్పడానికి జపాన్ కన్నా మంచి ఉదాహరణ లేదు. వృద్ధుల సంరక్షణకు మనుషులు చాలడం లేదని ఆ దేశం రెండు దశాబ్దాలుగా రోబోల మీద ప్రభుత్వ డబ్బు కుమ్మరించింది. అక్కడి ఒక వృద్ధుల కేంద్రంలో నెలల తరబడి ఉండి పరిశీలించిన జేమ్స్ రైట్ 2023లో తన పుస్తకంలో రాసింది చదివితే కంపెనీలు చూపే అరచేతి వైకుంఠం కరిగిపోతుంది. రోబోలను ఒక గది నుంచి మరో గదికి మోయాలి, తుడవాలి, ఛార్జింగ్ పెట్టాలి, పాడైతే చూడాలి. ఆ పనంతా ఆయాల మీదే పడింది. పెప్పర్ అనే రోబో ముసలివాళ్ల చేత వ్యాయామం చేయించాలి. అది చేతులు ఊపితే ఎవరూ పట్టించుకోకపోవడంతో, పక్కన ఒక ఉద్యోగి నిలబడి అదే వ్యాయామం చేసి చూపాల్సి వచ్చింది. పారో అక్కడా ఉంది. ఒకామె అది పక్కన లేనిదే అన్నం ముట్టలేదు, పడుకోలేదు. ఇంకొకరు దాని చర్మం ఒలిచెయ్యబోయారు. రెండు సందర్భాల్లోనూ కాపలా కాయాల్సింది మనిషే. రోబో మనిషి పనిని తగ్గించలేదు, మార్చింది. ముసలివాళ్ల దగ్గర కూర్చునే సమయాన్ని యంత్రం దగ్గరికి మళ్లించింది.

దీనికి పూర్తిగా ఎదురుదిశలో నడిచిన ప్రయోగం కూడా జపాన్‌లోనే ఉంది. టోక్యోలోని నిహోన్‌బాషిలో 2021లో తెరిచిన డాన్ కెఫేలో బల్ల దగ్గర కబుర్లు చెప్పేది, కాఫీ తెచ్చేది ఒరిహిమే రోబోలు. వాటి లోపల కృత్రిమ మేధ ఏమీ లేదు. కండరాల జబ్బుతోనో, వెన్నెముక దెబ్బతోనో మంచం దిగలేని మనుషులు తమ ఇళ్ల నుంచి వాటిని నడిపిస్తారు, జీతం తీసుకుంటారు. కొందరు కంటి చూపుతోనే నడిపిస్తారు. ఎవరితో మాట్లాడుతున్నామో వచ్చినవాళ్లకు తెలుసు. ఇక్కడ రోబో మనిషికి బదులు రాలేదు, మనిషినే బయటి లోకంలోకి తెచ్చింది. సామాజిక రోబోకు ఇంతకన్నా మంచి నిర్వచనం దొరకడం కష్టం.

తెర వెనక ఎవరు?

ఇన్నేళ్లూ ఈ రోబోలు మార్కెట్లో నిలబడలేదు. 2015లో మొదటి వెయ్యి పెప్పర్లు నిమిషంలో అమ్ముడైనా, మొత్తం 27,000 దాకా తయారుచేసి 2020లో సాఫ్ట్‌బ్యాంక్ ఆపేసింది. ‘టైమ్’ పత్రిక 2017 ఉత్తమ ఆవిష్కరణల్లో చోటు దక్కించుకున్న జీబో అనే రోబోను తయారుచేసిన కంపెనీ మరుసటి ఏడాదికే మూతపడింది. 2019లో తన సర్వర్లు ఆగిపోనున్నాయని ఆ రోబోయే యజమానులకు చెప్పి, ఇన్నాళ్లూ తనను ఉంచుకున్నందుకు ధన్యవాదాలు తెలిపింది. జపాన్‌లోని హెన్ నా హోటల్ తన 243 రోబోల్లో సగానికి పైగా పక్కన పెట్టేసింది. గదిలో ఉంచిన బొమ్మ, అతిథి గురకను ఏదో ప్రశ్న అనుకుని, మళ్లీ చెప్పండి అంటూ అర్ధరాత్రి లేపేది మరి. మాట అర్థం కాకపోవడమే అప్పట్లో అసలు లోపం. చాట్‌జీపీటీ తరం వచ్చాక ఆ లోపం చాలావరకు తీరింది. దాంతోపాటు ఇంకో సంగతి కూడా మారింది. వెనకటి బొమ్మ ఒకసారి అమ్ముడైతే కంపెనీకి దానితో పనిలేదు. ఇప్పటి రోబో పలికే ప్రతి మాటకూ సర్వర్ ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చు రాబట్టడానికి దారులు మూడే. నెలనెలా చందా వసూలు చేయాలి, లేదా ఇంట్లో విన్నదాన్నీ చూసిందాన్నీ సొమ్ము చేసుకోవాలి, లేదా దుకాణం కట్టెయ్యాలి. మొదటిది కుదరాలంటే మనం ఆ రోబోను వదిలి ఉండలేకపోవాలి. ఒంటరితనం పోగొడతామని అమ్మే వస్తువుకు ఒంటరితనం కొనసాగితేనే లాభం. ఈ వైరుధ్యం ఏ ఇంజినీరు దురుద్దేశంవల్లా పుట్టింది కాదు, వ్యాపారం అల్లికలోనే ఉంది.

రెండో దారి ఎంత దూరం పోతుందో కూడా చూశాం. మాట్లాడే బొమ్మ ‘మై ఫ్రెండ్ కైలా’ను రహస్య నిఘా పరికరంగా లెక్కగట్టి జర్మనీ 2017లో నిషేధించింది. రూంబా అనే గచ్చు ఊడ్చే రోబో పరీక్షల దశలో 2020లో తీసిన ఫొటోలు, బాత్రూంలో ఉన్న ఒక మహిళ చిత్రంతో సహా, వాటికి పేర్లు తగిలించే కాంట్రాక్టు పనివాళ్ల చేతుల మీదుగా ఆన్‌లైన్ గ్రూపుల్లోకి జారాయి. 2025 నవంబరులో, కృత్రిమ మేధతో మాట్లాడే కుమ్మా అనే ఎలుగుబంటి బొమ్మ అశ్లీల విషయాలు చర్చిస్తోందని అమెరికా వినియోగదారుల సంఘం ఒకటి బయటపెట్టాక దాన్ని తాత్కాలికంగా అమ్మకాల నుంచి తీసేశారు. అంతకు నెల ముందు 20,000 డాలర్లకు బుకింగులు మొదలుపెట్టిన నియో అనే మనిషి ఆకారపు రోబోకు రాని ఇంటిపని ఎదురైతే కంపెనీ ఉద్యోగి దూరం నుంచి దాని కళ్లతో చూస్తూ చేస్తారని ఆ కంపెనీయే చెప్పింది. డాన్ కెఫేలోనూ తెర వెనక మనిషే ఉన్నాడు, నియో వెనకా మనిషే. మొదటిచోట ఆ మనిషి మనకు పరిచయమవుతాడు. రెండోచోట మన వంటిల్లూ పడకగదీ అతనికి తెలుస్తాయి, అతనెవరో మనకు తెలియదు. పిల్లల విషయంలో ఇది ఇంకా బరువైన సంగతి. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో రోబోలు కావాలని తప్పు జవాబు చెబితే పెద్దవాళ్లు లొంగలేదు, ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు మాత్రం తమ కళ్లను నమ్మకుండా చాలాసార్లు రోబోల జవాబే చెప్పారు. అలాంటి పిల్లవాడి పక్కన కూర్చునే నేస్తం ఏం మాట్లాడాలో నిర్ణయించేది ఎవరన్నది చిన్న ప్రశ్న కాదు.

గుడ్డికన్నా మెల్ల నయమా?

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. పలకరించే దిక్కు లేని ముసలితనంలో గుడ్డికన్నా మెల్ల నయం కదా అని. ఇది తోసిపుచ్చదగ్గ వాదన కాదు. ఒంటరితనం ఏటా 8,71,000 మరణాలతో ముడిపడి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో అంచనా వేసింది. న్యూయార్క్ రాష్ట్రం 2022 నుంచి ఒంటరి వృద్ధులకు ఎల్లీక్యూ అనే బల్ల మీది రోబోను ఉచితంగా ఇస్తోంది, వాడినవాళ్లలో అత్యధికులు ఒంటరితనం తగ్గిందనే చెప్పారు. మందులు గుర్తుచేసి, కూతురికి ఫోను కలిపి, నీళ్లు తాగారా అని అడిగే వస్తువును కాదనడానికి మనమెవరం? కాదనక్కర్లేదు. కానీ మెల్ల నయమన్న మాట గుడ్డితనం తప్పనిసరైన చోటే చెల్లుతుంది. ఆయాలకు జీతం పెంచకపోవడం, వృద్ధుల కోసం మనుషులను నియమించకపోవడం విధివశాత్తు జరిగేవి కావు, ఖజానా దగ్గర తీసుకునే నిర్ణయాలు. రోబో వచ్చిందన్న సాకుతో ఆ నిర్ణయాలు మరింత సులువవుతాయి. పైగా దిక్కులేనివాళ్లకు ఇచ్చే తోడు ఏ నెలలోనైనా ఆగిపోయేదైతే, దెబ్బ తగిలేది వాళ్లకే. వేరే దిక్కు ఉన్నవాడు తట్టుకుంటాడు. కాబట్టి ఒంటరివాళ్లకు రోబో అవసరమన్న వాదన, నిబంధనలు సడలించడానికి కాదు, బిగించడానికే కారణం కావాలి.

రెండో అభ్యంతరం ఇంజినీర్ల నుంచి వస్తుంది. పుట్టీపుట్టని పరిశ్రమకు ఇన్ని సంకెళ్లు వేస్తే ఎదగదంటారు. నిజానికి ఈ పరిశ్రమను పడగొట్టింది నిబంధనలు కావు. జీబో, మాక్సీలలో ఏదీ చట్టం దెబ్బకు పోలేదు, డబ్బు లేక పోయాయి. పోతూ పోతూ కొన్నవాళ్ల నమ్మకాన్ని కూడా పట్టుకుపోయాయి. మాక్సీ కథలో ఒక మంచి మలుపు ఉంది. గగ్గోలు పుట్టాక, యజమానులు సొంత కంప్యూటర్ మీదే దాన్ని నడుపుకునేలా ‘ఓపెన్ మాక్సీ’ అనే ఏర్పాటు బయటికి వచ్చింది. చివరి రోజుల్లో చేయగలిగిన పనిని మొదటి రోజే చేసి ఉండొచ్చునని దీంతో తేలింది. ఇక పెద్దవాళ్ల ఇష్టాన్ని కాదనడానికి మనకేం హక్కు అన్నది మూడో మాట. బొమ్మ అని తెలిసి ప్రేమించే పెద్దాయన మోసపోతున్నట్టు కాదు, ఆయన ఎంపికను గౌరవించాల్సిందే. అయితే తెలిసి ఎంచుకోవాలంటే ఎవరు చూస్తున్నారో, ఎవరు వింటున్నారో, ఎన్నాళ్లుంటుందో కూడా తెలియాలి. డిమెన్షియా ఉన్న మనిషి విషయంలో, ఏడేళ్ల పిల్లవాడి విషయంలో ఆ తెలియడం జరగదు కనుక, వాళ్ల తరఫున చట్టమే తెలుసుకోవాలి.

మన గుమ్మం దగ్గర

ఇదంతా జపాన్, అమెరికా గొడవ అనుకోవడానికి లేదు. 2017 నవంబరులో హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సును ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్ బెంగళూరులో తయారైన ‘మిత్ర’ రోబో మీద మీట నొక్కి ప్రారంభించారు. మూడు నెలలకు అదే నగరంలో ఐటీ మహాసభలో సోఫియా అనే రోబో ప్రశ్నలకు జవాబులిచ్చింది. అప్పుడవి వేదిక మీది వింతలు. మిత్ర అసలు విలువ 2020లో బయటపడింది. కొవిడ్ రోజుల్లో నోయిడాలోని ఒక ఆసుపత్రిలో, అయినవాళ్లు లోపలికి రాలేని వార్డుల్లో, దాని ఛాతీ మీది తెరలోంచి రోగులు ఇంటివాళ్లతో మాట్లాడారు. మనిషిని మనిషి దగ్గరికి చేర్చినప్పుడే అది పేరు నిలబెట్టుకుంది. ఇక ముందున్న అవసరం చూడండి. దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లు 2022లో 14.9 కోట్లు, 2050కి 34.7 కోట్లవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. జననాల రేటు ముందే పడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు ముందే ముసలివవుతాయి. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో కొడుకూ కోడలూ, గుంటూరులోనో కరీంనగర్‌లోనో అమ్మానాన్నలూ ఉన్న కుటుంబాలు తెలుగునాట కొల్లలు. అత్తయ్య మాత్ర వేసుకుందో లేదో చూసే, వీడియో కాల్ కలిపే, తెలుగులో మంచిచెడ్డలు అడిగే రోబో చౌకగా వస్తే అందరికన్నా ముందు కొనేది ఈ కుటుంబాలే. అపరాధభావన ఉన్న చోట బేరం గట్టిగా ఆడరు. అమ్మేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

చట్టాలు ఎంతవరకు వచ్చాయి? ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన కృత్రిమ మేధ చట్టం, యంత్రంతో మాట్లాడుతున్నామని మనిషికి తెలిసి తీరాలంటోంది. వయసునో వైకల్యాన్నో ఆసరా చేసుకుని మనుషులను హానికరంగా మలుపు తిప్పే యంత్రాలను నిషేధించింది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతిని తప్పనిసరి చేసింది, పిల్లల నడవడికను వెంటాడి గమనించడాన్ని వద్దంది. ఇవి డేటాను కాపాడే ఏర్పాట్లు. అనుబంధం పెట్టుకున్న వస్తువు అర్ధంతరంగా ఆగిపోతే ఏమిటన్న దానికి మన చట్టంలో జవాబు లేదు. దానికి నాలుగు షరతులు కావాలి. నెట్ లేకపోయినా, కంపెనీ లేకపోయినా రోబో కనీస పనులు చేసి తీరాలి. మూతపడే కంపెనీ దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను కొన్నవాళ్లకు వదిలిపెట్టాలి. కెమెరా, మైకు ఎప్పుడు తెరిచి ఉన్నాయో, దూరం నుంచి మనిషి నడుపుతున్నాడో లేదో ఇంట్లోవాళ్లకు కళ్లెదుట కనిపించాలి. తనకు భయంగా ఉందనో, వదిలి వెళ్లొద్దనో బతిమాలి మనిషిని కట్టిపడేసే మాటలు పిల్లల, వృద్ధుల రోబోల నోట రాకూడదు. ఇవి కాక, ప్రభుత్వం ఎప్పుడైనా వృద్ధాశ్రమాలకో బడులకో ఈ రోబోలను కొంటే, అక్కడ మనుషులు గడిపే గంటలు తగ్గలేదని ఏటా లెక్క చూపాలి.

వీటిలో ఏదీ కొత్త సైన్సు కనిపెట్టాకే సాధ్యమయ్యేది కాదు. టెండరు కాగితంలో రాయగలిగినవి, వారంటీ కార్డు మీద అచ్చు వేయగలిగినవి, వినియోగదారుల ఫోరంలో అడగగలిగినవి. రోబోలు ఇంకా ఖరీదుగా, అరుదుగా ఉన్న ఈ కొద్ది సంవత్సరాలే అడగడానికి అనువైన కాలం. లక్షల ఇళ్లలో అలవాటయ్యాక అడిగితే, మీట చేతిలో ఉన్నవాళ్లు చెప్పిందే షరతవుతుంది.